ప్రాచ్యవిద్యలో యవనభాష: మాండలికాల పరిచయం మనకెందుకు?

ఆంధ్రజాతి ప్రాచీనతను గురించి వ్రాయమంటే మన విద్యార్థి కలం నుండి మొదట వెలువడే వాక్యం ఒకటుంది. ఆంధ్రులకు ప్రాకారాలు గల 30 నగరాలు, 1,00,000 కాల్బలం, 2,000 ఆశ్వికబలం, 1,000 ఏనుగులు ఉన్నట్లు చంద్రగుప్తమౌర్యుని ఆస్థానానికి వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీసు తన 'ఇండికా'లో పేర్కొన్నాడని ఆ వాక్యం. పరీక్షకుడుగా ఈ వాక్యానికి నేను ఏళ్ళ తరబడి పూర్తి మార్కులు వేశాను. మూలం ఎక్కడుందో వెదకవలసిన అవసరం చాలా ఆలస్యంగా కలిగింది. వెదికిన తరువాత సిగ్గుపడవలసి వచ్చింది.

ఆ సంఖ్యలు ఉన్నది గ్రీకు గ్రంథంలో కాదు, లాటిన్ గ్రంథంలో. దాని కర్త మెగస్తనీసు కాడు, ప్లినీ. కాలం క్రీ.శ. 77 ప్రాంతం. 'అందరే' అనే జాతిని గురించిన ఆ వాక్యం వద్ద ప్లినీ మెగస్తనీసు పేరును ఉదాహరించలేదు. మెగస్తనీసు గ్రంథం ఏనాడో నశించింది. 1846లో ష్వాన్‌బెక్ అనే జర్మన్ పండితుడు ఇతరుల రచనలలో మిగిలిన ఖండాలను సేకరిస్తూ, ప్లినీలోని ఈ భాగం కూడా మెగస్తనీసుదే కావచ్చునని భావించి తన సంకలనంలో చేర్చాడు. 1877లో మెక్‌క్రిండిల్ దానిని ఇంగ్లీషులోకి తెచ్చాడు. మన చరిత్రకారులు ఆ ఇంగ్లీషును తెలుగులోకి తెచ్చారు. ఈ నాలుగు మెట్లలో ఎక్కడో 'కావచ్చు' అనే మాట జారిపోయింది. ష్వాన్‌బెక్ ఊహ సమంజసమైనదే కావచ్చు, దానితో నాకు పేచీ లేదు. కాని ప్రమాణానికీ అనుమానానికీ భేదం తెలియని తర్కవిద్యార్థిని మనం ఉత్తీర్ణుని చేయము గదా! చరిత్ర పత్రంలో మాత్రం చేస్తున్నాము.

మన ప్రాచ్యకళాశాలలలో యవనభాషకు, అనగా ప్రాచీన గ్రీకుకు, కొంత స్థానం ఉండాలని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. అందులోను సాహిత్యమాండలికాల పరిచయంతోనే ఆ అధ్యయనం ప్రారంభం కావాలని నా అభిప్రాయం. సంస్కృతానికే విద్యార్థులు కరువైన రోజులలో ఈ గొంతెమ్మ కోరిక ఏమిటని చాలామంది అనుకుంటారు. ఆ మాటకు తరువాత వస్తాను.

గ్రీకు అనగానే ఒక భాష, ఒక వ్యాకరణం అని మనం అనుకుంటాము. పాణినీయం చదివినవారికి ఆ భ్రమ సహజం. నిజానికి ప్రాచీన గ్రీకు వాఙ్మయం నాలుగైదు మాండలికాలలో ఉంది. హోమరు కావ్యాలది అయోనిక్, ఏయోలిక్ రూపాలు కలసిన కృత్రిమ కావ్యభాష. సాఫో గీతాలది ఏయోలిక్. పిండారు స్తుతిగీతాలలో డోరిక్ ఛాయ. హెరొడోటస్ వచనం అయోనిక్. ప్లేటో వచనం అట్టిక్. అలెగ్జాండరు తరువాత వ్యాపించిన సామాన్యభాష కొయినే. ఇందులో గమనింపదగిన విశేషం ఏమిటంటే, మాండలికాన్ని నిర్ణయించేది చాలా సందర్భాలలో కవి జన్మస్థలం కాదు, అతడు చేపట్టిన సాహిత్యప్రక్రియ. పిండారు పుట్టినది బియోషియాలో. అక్కడి వాడుకభాషలో అతడు వ్రాయలేదు. బృందగీతానికి డోరిక్ ఛాయ సంప్రదాయం కనుక ఆ ఛాయలోనే వ్రాశాడు.

ఇది మనకు కొత్త కాదు. సంస్కృతనాటకంలో నాయిక శౌరసేనిలో మాట్లాడుతుంది, పాట పాడవలసి వస్తే మహారాష్ట్రికి మారుతుంది. ఆమె మహారాష్ట్రంలో పుట్టిందని ఎవరూ అనుకోరు. ఏథెన్సు విషాదనాటకంలోనూ సంభాషణ అట్టిక్‌లో సాగుతుంది, బృందగానంలోకి రాగానే డోరిక్ దీర్ఘ 'ఆ'కారం వినిపిస్తుంది. ఈ రెండు సంప్రదాయాలను పక్కపక్కన పెట్టి చూడగల అర్హత లోకంలో ఎవరికైనా ఉంటే అది నాటకలక్షణం చదివిన మన విద్యార్థికే ఉండాలి. మనం చేస్తున్నదేమిటి? సాహిత్యవిమర్శ పత్రంలో అరిస్టాటిల్‌ను ఇంగ్లీషు ద్వారా చదివి, కథార్సిస్‌నూ రసాన్నీ పోల్చి రెండు పుటలు నింపి ఊరుకుంటున్నాము. అరిస్టాటిల్ ఏ నాటకాలను చూసి ఆ శాస్త్రం వ్రాశాడో ఆ నాటకాలలో రెండు గొంతులు ఉన్నాయన్న సంగతి ఇంగ్లీషు అనువాదం మనకు చెప్పదు.

భారతదేశ చరిత్రకు సంబంధించినంతవరకు ఈ మాండలికవిషయం మరీ ముఖ్యం. మెగస్తనీసును గురించి మనకు తెలిసినదానిలో గణనీయమైన భాగం అర్రియన్ వ్రాసిన 'ఇండికే' ద్వారా వచ్చింది. అర్రియన్ క్రీ.శ. రెండవ శతాబ్దివాడు. అతడే అలెగ్జాండరు దండయాత్రా చరిత్రను అట్టిక్‌లో వ్రాశాడు, భారతదేశ వర్ణనను మాత్రం హెరొడోటస్ నాటి అయోనిక్‌లో వ్రాశాడు. అప్పటికి ఆ అయోనిక్‌లో వచనం వ్రాసే వాడుక పోయి ఎన్నో తరాలయింది. ఎందుకు అలా వ్రాశాడు? దూరదేశాల వింతలను వర్ణించడానికి హెరొడోటస్ భాషే తగినదని సంప్రదాయం. అంతకుముందు క్టేసియస్ కూడా తన 'ఇండికా'ను అయోనిక్‌లోనే రచించాడు. అనగా 'భారతదేశం' అనే విషయమే ఒక మాండలికాన్ని కోరుకున్నది. అర్రియన్‌లో కనబడే ప్రతి పదం మెగస్తనీసు పదం కాదని, దానిమీద ఒక పాతకాలపు వేషం ఉన్నదని మాండలికం తెలిసినవానికి మొదటి పుటలోనే తెలుస్తుంది. అనువాదం చదివినవానికి ఎన్నటికీ తెలియదు. మనం అర్రియన్ వాక్యాలను మౌర్యశాసనాలతో సమానంగా పక్కన పెట్టి సామాజికచరిత్ర వ్రాస్తున్నాము.

ఇంతకన్న ఆసక్తికరమైన సంగతి, మనలను వారు పిలిచిన పేరు, వారిని మనం పిలిచిన పేరు, రెండూ ఒకే మాండలికం చలవే. సింధుశబ్దం పారసీకంలో 'హిందు' అయింది. పారసీక సామ్రాజ్యపు పశ్చిమతీరంలో ఉన్న అయోనీయుల భాషలో 'హ'కారోచ్చారణ లోపించింది. వారి నోట ఆ శబ్దం 'ఇందోస్' అయింది. 'ఇండియా' అంతా అక్కడినుండి వచ్చినదే. ఇక యవనశబ్దం చూడండి. హోమరులో 'ఇయాఒనెస్' అన్న రూపం ఉంది, మధ్యలో వకారం లేదు. క్రీట్ ద్వీపంలోని క్నోస్సోస్‌లో దొరికిన మృత్ఫలకాల లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ చదవగలిగిన తరువాత, వాటిలో 'ఇ-య-వొ-నె' అన్న రూపం కనిపించింది. అయోనిక్ పోగొట్టుకున్న వకారం మన 'యవన'లో భద్రంగా ఉంది. పాణిని ఆ శబ్దాన్ని స్త్రీప్రత్యయ ప్రకరణంలో చేర్చగా, కాత్యాయనుడు 'యవనానీ' అన్నచోట లిపి అని అర్థనియమం చేశాడు. ఆ సూత్రాన్ని బోధించే రోజున అయిదు నిమిషాలు ఈ సంగతి చెప్పి చూడండి. నిద్రపోయే విద్యార్థి కూడా లేచి కూర్చుంటాడు.

వ్యాకరణం చదివినవానికి గ్రీకు కష్టమని భయపెట్టడం సరికాదు. ఇంగ్లీషు విద్యార్థికి కొరుకుడు పడని అంశాలు మనవానికి పరిచితాలే. పరస్మైపదం, ఆత్మనేపదం తెలిసినవానికి గ్రీకు క్రియలోని 'మధ్యమ' రూపం ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. అడాగమం తెలిసినవాడు 'ఎఫెరొన్' పక్కన 'అభరమ్' వ్రాసుకుంటాడు. లిట్‌లో అభ్యాసం తెలిసినవానికి 'లెలొయిప', 'రిరేచ' అన్నదమ్ములుగా కనిపిస్తాయి. వైదికస్వరం నేర్చినవాడైతే మరింత అదృష్టవంతుడు. పితృశబ్దానికి అంత్యోదాత్తం, భ్రాతృశబ్దానికి ఆద్యుదాత్తం. గ్రీకు 'పతేర్', 'ఫ్రాతేర్' లలో ఉదాత్తం సరిగ్గా ఆయా స్థానాలలోనే ఉంది.

ఇక్కడ కూడా అట్టిక్‌తో ఆగిపోతే సగం లాభమే. అట్టిక్‌లో తల్లి 'మేతేర్'. డోరిక్‌లో, ఏయోలిక్‌లో 'మాతేర్'. మన 'మాతా'కు దగ్గరగా ఉన్నది ఏథెన్సు నాగరికుల నోట ఉన్న రూపం కాదు, స్పార్టా, లెస్బోసువాళ్ళ రూపం. అట్టిక్‌లో గుర్రానికి షష్ఠి 'హిప్పూ'. హోమరులో 'హిప్పొయొ' కూడా ఉంది. అందులోని 'ఒయొ' మన 'అశ్వస్య'లోని 'అస్య'కు తోబుట్టువు. ద్వివచనం అట్టిక్‌లో నిలిచింది, హెరొడోటస్ అయోనిక్‌లో పోయింది, కొయినేలోనూ పోయింది, మన ప్రాకృతాలలోనూ పోయింది. మూలభాషకు దగ్గర రూపం ఎప్పుడూ 'ప్రామాణిక' మాండలికంలోనే ఉంటుందన్న నమ్మకం ఈ నాలుగు ఉదాహరణలతో సడలుతుంది.

ఈ చివరి మాట నాకు భాషాశాస్త్రం మాత్రమే కాదు. బాన్సువాడ పరిసరాలలో పాఠం చెప్పినవారికి ఇది నిత్యానుభవం. మద్నూరు వైపునుండి వచ్చే పిల్లల ఇళ్ళలో మరాఠీ, జుక్కల్ వైపువారిలో కన్నడం, బజారులో ఉర్దూ, తరగతిలో మంజీరాతీరపు తెలుగు. విద్యార్థి జవాబుపత్రంలో 'పోయిండు' అని వ్రాసి, తానే కొట్టివేసి, పైన 'వెళ్ళాడు' అని దిద్దుకుంటాడు. అతడు దిద్దుకోకపోతే మన ఎర్రసిరా దిద్దుతుంది. రంగస్థలంమీదా వెండితెరమీదా ఈ మాట చాలాకాలం నౌకరుకూ హాస్యగానికీ మాత్రమే దక్కింది. గ్రీకులలోనూ ఇది లేకపోలేదు. అరిస్టోఫెనీసు క్రీ.పూ. 425 నాటి 'అఖర్నీయులు'లో మెగారావానినీ బియోషియావానినీ, 411 నాటి 'లిసిస్త్రాతె'లో స్పార్టా స్త్రీనీ వారి వారి యాసలోనే మాట్లాడించి ఏథెన్సు ప్రేక్షకులను నవ్వించాడు. అయితే కథ అక్కడితో ముగియలేదు. క్రీ.పూ. 431 నుండి 404 వరకు ఏథెన్సు డోరిక్ మాట్లాడే స్పార్టాతో ప్రాణాంతకమైన యుద్ధం చేసింది. ఆ సంవత్సరాలలోనే అదే ఏథెన్సు రంగస్థలం మీద సోఫోక్లీసు, యూరిపిడీసు నాటకాలలో గంభీరమైన బృందగానం డోరిక్ ఛాయలోనే సాగింది. శత్రువు యాస కనుక దానిని మార్చాలని వారికి తోచలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బృందగానపు డోరిక్ స్పార్టా వీధులలోని భాష కాదు. కొన్ని ధ్వనులను, రూపాలను నిలుపుకొన్న సంప్రదాయం మాత్రమే. దీనిని చూపి గ్రీకులు జనభాషకు పట్టం కట్టారని వాదిస్తే అది అతివ్యాప్తి. పాల్కురికి సోమనాథుని జానుతెనుగును కూడా ఓరుగల్లు వీధిభాషగా చెప్పలేము, అదీ కవి బుద్ధిపూర్వకంగా చేసుకున్న ఎంపిక. నేను చెప్పదలచినది ఇంతే: ఒక యాస నవ్వుకే తగును, మరొకటి గాంభీర్యానికే తగును అనడం ఆ యాసల స్వభావం వల్ల కలిగినది కాదు, ప్రక్రియాసంప్రదాయం వల్ల కలిగినది. థియోక్రిటస్ పదునైదవ గీతంలో సిరక్యూసునుండి అలెగ్జాండ్రియాకు వచ్చి స్థిరపడిన ఇద్దరు ఇల్లాళ్ళు ఉన్నారు. ఉత్సవంలో ఒక అపరిచితుడు వారి సాగదీత ఉచ్చారణను గేలి చేస్తాడు. డోరియనులు డోరిక్‌లో మాట్లాడితే తప్పేమిటని వారిలో ఒకతె గట్టిగా అడుగుతుంది. ఆ గీతాన్ని మొదటిసారి చదివినప్పుడు అది మా ఊరి బస్సుస్టాండులో వినిపించిన సమాధానంలా తోచింది.

జ్యోతిషశాఖ గల కళాశాలలకు వేరే ప్రోత్సాహం అక్కరలేదు. హోర, కేంద్రం, ద్రేక్కాణం, జామిత్రం, పణఫరం, ఆపోక్లిమం ఇవన్నీ యవనశబ్దాలే. సునఫా, అనఫా, దురుధురా, కేమద్రుమ యోగాలూ అంతే. కవులు 'లిప్తపాటు' అంటే అందులోని లిప్త కూడా గ్రీకు 'లెప్తె'నుండి వచ్చినదే. వరాహమిహిరుడు బృహజ్జాతకంలో రాశులకు క్రియ, తావురి, జితుమ, కుళీర, లేయ, పాథోన, జూక, కౌర్పి, తౌక్షిక, ఆకోకేర, హృద్రోగ అని పేర్లు చెప్పాడు. ఇందులో కుళీరం మనదే, తక్కినవి క్రియోస్, తౌరోస్ మొదలైనవాటి రూపాంతరాలు. కుంభరాశికి హృద్రోగం అన్న పేరు విని గుండెజబ్బుతో దానికి సంబంధమేమిటని ఒక విద్యార్థి అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. నీరుపోసేవాడు అనే అర్థంగల 'హ్యుద్రొఖొఒస్' సంస్కృతవేషం ధరించి అలా అయిందని తెలియకపోతే ఆ ప్రశ్నకు మనం చెప్పే సమాధానం మరొక రోగమవుతుంది. స్ఫుజిధ్వజుని యవనజాతకాన్ని 1978లో డేవిడ్ పింగ్రీ పరిష్కరించి, క్రీ.శ. 269-70 నాటిదని నిర్ణయించాడు. 2013లో బిల్ మాక్ మరొక వ్రాతప్రతిని చూసి ఆ కాలనిర్ణయం నిలవదని చూపాడు. మన శాస్త్రానికి చెందిన గ్రంథం మీద ఇంత చర్చ జరిగితే అందులో మన కళాశాలల గొంతు వినబడలేదు.

స్థలనామాల విషయం మరొకటి. క్రీ.శ. రెండవ శతాబ్దిలో టాలెమీ తన భూగోళగ్రంథంలో మన తూర్పుతీరాన్ని 'మైసోలియా' అన్నాడు. అంతకు ముందరి 'పెరిప్లస్' కర్త 'మసాలియా' అన్నాడు. టాలెమీ పేర్కొన్న 'కొంటకొస్సుల' మన ఘంటసాల. నాగార్జునకొండలో వీరపురుషదత్తుని కాలపు శాసనంలో 'కంటకసేల' అన్న ప్రాకృతరూపం ఉంది. ఊరిపేరును ఘంటతో ముడిపెట్టే లౌకికవ్యుత్పత్తికి ఈ రెండు సాక్ష్యాలూ అడ్డు వస్తాయి. 'పెరిప్లస్'లో ప్రతిష్ఠానానికి తూర్పుగా పదిరోజుల ప్రయాణంలో తగర అనే మహానగరం ఉన్నది. అది నేటి మహారాష్ట్రలోని తేర్. తూర్పుతీరంనుండి తగరకు చేరే వర్తకమార్గం తెలంగాణం మీదుగా పోయేదని ఫ్లీట్ 1901లోనే ప్రతిపాదించాడు. అదే గ్రంథంలో దక్షిణాపథానికి 'దఖినబదేస్' అన్న పేరూ, స్థానికభాషలో దక్షిణదిక్కును ఏమంటారో దాని వివరణా ఉన్నాయి. ఆ వర్తకుడు విన్నది సంస్కృతం కాదు, ప్రాకృతం. అతడు వ్రాసినదీ సాహిత్య అట్టిక్ కాదు, బజారు కొయినే. అందుకే అతడు విన్న ధ్వనిని పాండిత్యంతో దిద్దలేదు. మన భాషాచరిత్రకు అది పెద్ద మేలు.

దిద్దినచోట ఏమవుతుందో చూడండి. ప్రతిష్ఠానాన్ని ఏలిన పులుమావి టాలెమీ గ్రంథంలో 'సిరి ప్తొలెమయోస్' అయినాడు. 'సిరి' చక్కని ప్రాకృతం. పులుమావి మాత్రం గ్రీకుచెవికి పరిచితమైన టాలెమీగా మారాడు. అంతకు నాలుగువందల ఏళ్ళకు పూర్వం అశోకుని పదమూడవ శిలాశాసనంలో అసలైన ఈజిప్టు టాలెమీ 'తురమాయ', 'తులమాయ' అయినాడు. ఉభయులూ బాకీ తీర్చుకున్నారు.

ఇక ఆక్షేపాలకు వస్తాను. ఉన్న భాషలకే అధ్యాపకులు లేరన్నది నిజం. నేను కొత్త శాఖనూ కొత్త ఉద్యోగాలనూ కోరడం లేదు. సంస్కృతం ఎం.ఏ.లో ఐచ్ఛికంగా అరవై పీరియడ్ల పాఠ్యక్రమం చాలు. అక్షరాలు ఇరవైనాలుగు, వారం రోజుల పని. మన దైవశాస్త్ర కళాశాలలలో కొత్తనిబంధన కోసం కొయినే నేర్చిన తెలుగు అధ్యాపకులు ఉన్నారు. మతభేదం పాటించక వారిని పిలుచుకోవచ్చు. సంస్కృతం తెలియని వారికి మనం ధాతుపాఠం చెబుతాము, వారు మనకు గ్రీకు క్రియ చెబుతారు. లిడెల్, స్కాట్ నిఘంటువూ, చాలా మూలగ్రంథాలూ నేడు కంప్యూటరులో ఉచితంగా లభిస్తున్నాయి. 1990లలో లేని సౌకర్యమిది.

రెండవ ఆక్షేపం స్వాభిమానానికి సంబంధించినది. హోర యవనశబ్దమంటే శాస్త్రం పరాయిదవుతుందని కొందరి భయం. వరాహమిహిరునికి ఆ భయం లేదు. యవనాచార్యుల మతాన్ని పేరుతో ఉదాహరించి, నచ్చనిచోట ఖండించాడు. ఏథెన్సులో పుట్టిన దిమిత్రియోస్ గలానోస్ 1793లో కాశీకి వచ్చి 1833లో మరణించేవరకు అక్కడే పండితులవద్ద చదివి, భగవద్గీత మొదలైనవాటిని గ్రీకులోకి అనువదించాడు. ఆయన నలభైయేళ్ళు మన భాషకు ఇచ్చాడు. మనం అరవై పీరియడ్లు ఇవ్వడానికి వెనుకాడుతున్నాము.

పాఠ్యక్రమంలో ఏమేమి చేర్చాలన్నదానిపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. నా మట్టుకు నేను అట్టిక్ వ్యాకరణంతో కాక, 1958లో కాందహారులో దొరికిన అశోకుని శాసనంలోని గ్రీకు పాఠంతో మొదలుపెడతాను. చిన్న పాఠం, సులువైన కొయినే, విషయం మనకు తెలిసినదే. ప్రియదర్శి అందులో 'పియొదస్సేస్'. ధమ్మానికి అనువాదకుడు ఎంచుకున్న మాట 'యుసెబెయియా'. దేవతలయెడ భక్తి, పెద్దలయెడ గౌరవం అన్నది దాని వాడుక అర్థం. ఆ మాట ధమ్మానికి సరిపోయిందా లేదా అన్న ప్రశ్న మీద ఒక గంట చర్చ పెట్టవచ్చు. తరువాత 'పెరిప్లస్' నుండి రెండు పుటలు, అర్రియన్ నుండి ఒక పుట, దాని పక్కనే హెరొడోటస్‌లోని భారతదేశ ప్రస్తావన. ఈ రెండింటినీ చదివినప్పుడు వేషమేదో సహజమేదో విద్యార్థే చెప్పాలి. థియోక్రిటస్ ఇల్లాళ్ళను చివరి వారానికి ఉంచుతాను. ప్లినీ లాటిన్‌లో వ్రాశాడు కనుక 'అందరే' వాక్యం ఈ క్రమంలోకి రాదు. దానిని జవాబుపత్రంలో ఎవరైనా మెగస్తనీసు పేర వ్రాస్తే ఈ సంవత్సరం నుండి సగం మార్కులే వేస్తున్నాను. మిగిలిన సగం ఎందుకు పోయిందో పక్కన వ్రాస్తున్నాను.